గరాజ్ ద్వార వాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలము: "ఇంటివారు తలుపు భాగములను ముట్టరాదు. సమస్త సంరక్షణయు నిపుణులకే విడువవలెను."

అవతారిక: ఇది డాలస్ పరిసరాలలో గరాజ్ తలుపులు బాగుచేసే ఒక కంపెనీ రసీదు అడుగున వెలసిన వాక్యము. కర్త అజ్ఞాతుడు. కాలము, బిల్లు కట్టిన తరువాత. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిన పట్టాడు. మొదటిది నేనూ పాటిస్తాను. రెండోదానికి హామీ ఇవ్వలేను.

ప్రతిపదార్థము: ఇంటివారు = ఇంటి అప్పు కట్టుచున్నవారు; తలుపు = సుగమము; ముట్టరాదు = ముట్టినచో మాకు పని ఉండదు; సమస్త = బల్బుతో సహా; నిపుణులు = ముందు విచారింతము; విడువవలెను = కార్డు గీకవలెను.

వ్యాఖ్య: "భాగములను" అను బహువచనము చింత్యము. పలకలు, వాటిని కలిపే బందులు, రోలర్లు, అవి నడిచే పట్టాలు, స్ప్రింగు, కేబుళ్లు, మోటారు, నేల దగ్గర అడ్డును పసిగట్టే రెండు సెన్సరు కళ్లు. వీటిలో ఏది ముట్టరాదో మూలకారుడు విప్పి చెప్పలేదు. చెప్పినచో తక్కినవి ముట్టవచ్చునని తెలిసిపోవును.

ఇక్కడ ఒక శంక. "తలుపు లేచింది" అన్నచోట లేపిన కర్త ఎవరు? బటను నొక్కినవాడు ప్రేరకుడు మాత్రమే. మోటారా? లోకం అలాగే అనుకుంటుంది, కొత్త మోటారు అమ్మేవాడూ అలాగే అననిస్తాడు. పాణిని మతంలో స్వతంత్రుడే కర్త. మోటారు స్వాతంత్ర్యం ఎంతో చూద్దాం. తలుపు మూసి ఉండగా ఎర్రతాడు లాగి మోటారును విడదీయండి. రెండు కార్ల తలుపు 150 పౌండ్లు తూగినా, స్ప్రింగు బాగుంటే చేత్తో సులువుగా లేస్తుంది, సగంలో వదిలితే అక్కడే నిలుస్తుంది. అంటే బరువు మోసేది పైన అడ్డకడ్డీకి బిగించిన స్ప్రింగు. అది మెలి విప్పుకుంటూ కడ్డీని తిప్పుతుంది, కడ్డీ కొసల డ్రమ్ములు కేబుళ్లను చుట్టుకుంటాయి, కేబుళ్లు తలుపు అడుగు మూలలను పట్టి పైకి తెస్తాయి. మోటారుది చిన్న తోపు.

నైయాయికుడు ఒప్పుకోడు. స్ప్రింగు అచేతనం, దానికి ప్రయత్నం లేదు, కర్తృత్వం ఎక్కడిది? వైయాకరణుడి సమాధానం: కుండ వండుతోంది అనడం లేదా? అంతా వక్త వివక్ష. ఈ వాదం తేలేలోగా స్ప్రింగు ఆయుష్షు తీరుతుంది. మామూలు రకానికి 10,000 ఆవృత్తులు, రోజుకు 4 సార్లు తెరిచి మూస్తే 7 ఏళ్లు నిండవు. ఒకనాటి రాత్రి అది ఫిరంగిలా పేలుతుంది. మోటారు మూలుగుతుంది, తలుపు కదలదు. కర్త ఎవరో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది.

ఆ మెలిలో ఉన్న బలం చేతిని విరిచేయగలదు. కనుక స్ప్రింగు, కేబుళ్లు, వాటిని అడుగున పట్టిన బ్రాకెట్ల విషయంలో మూలకారునికి సాష్టాంగ నమస్కారము.

అయితే "సమస్త" ఏ న్యాయము? మా తలుపు దిగనని మొరాయించినప్పుడు వచ్చిన నిపుణుడు చేసిందల్లా సెన్సరు కంటికి పట్టిన సాలెగూడును బొటనవేలితో తుడవడం. ఆ కన్ను నేలకు 6 అంగుళాల ఎత్తు దాటి ఉండదు, వంగితే అందుతుంది. తుడిచాక రోలర్లు, కేబుళ్లు, మోటారు అన్నీ మార్చాలని ఎస్టిమేటు రాశాడు. రసీదులో సాలీడు ప్రస్తావన లేదు, "భద్రతా వ్యవస్థ పునరుద్ధరణ" అని ఉంది! తలుపుల కింద నలిగి పిల్లలు పోయిన మీదట, 1993 నుంచి తయారయ్యే ఇళ్ల మోటార్లకు ఇటువంటి రక్షణ ఉండి తీరాలని అమెరికా చట్టం చేసింది. అలాంటి కంటిని ఇంటివాడు తుడుచుకోకూడదట.

తాత్పర్యము: బందులకు, రోలర్ల బేరింగులకు ఏడాదికి ఒకటి రెండుసార్లు సిలికాన్ స్ప్రే కొట్టండి. పట్టాలకు మాత్రం పొడిగుడ్డే. నూనె పెడితే దుమ్ము పట్టి జిగురవుతుంది. నెలకోసారి, తలుపు దిగేచోట నేల మీద ఒకటిన్నర అంగుళం మందం చెక్కను పరిచి బటను నొక్కండి. చెక్క తగలగానే తలుపు వెనక్కి లేవాలి. లేవకపోతే ఆ మోటారు వాడడం ఆపి, అప్పుడు నిపుణుణ్ణి పిలవండి. ఆయన వచ్చేలోగా సెన్సరు కళ్లు మీరే తుడిచి ఉంచండి.