ఒంటిచేతి స్వెటర్

మా పిన్ని మొదలుపెట్టిన అల్లిక దేన్నీ వదిలెయ్యదు. కాసేపు పక్కన పెడుతుంది. ఆ కాసేపు ఒక్కోసారి పాతికేళ్ళు పడుతుంది, అంతే.

ఇలాంటి అల్లికావిడ ప్రతి బంధువర్గంలోనూ ఒకరుంటారు. చలికాలం పెళ్ళిలో ఇట్టే పట్టుకోవచ్చు. ఎదురొచ్చిన మనిషి మొహం తర్వాత చూస్తుంది, ముందు వాళ్ళ స్వెటర్ అంచు తిరగేసి లోపలి కుట్టు చూస్తుంది. కుశలప్రశ్నలు ఆ తర్వాత.

బాబాయి ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ కొలువు చేసినన్నాళ్ళూ వాళ్ళ కాపురం ఆర్.కె. పురం క్వార్టర్సులో. డిసెంబరు ఎండకి నవారు మంచాలేసుకుని కూర్చునే పంజాబీ ఆంటీల దగ్గర పిన్ని ఈ విద్య పట్టింది. అందుకే ఇవాళ్టికీ ఆవిడ నోట సీదా, ఉల్టా, ఫందా తప్ప వేరే మాట రాదు. బాబాయి రిటైరై విజయవాడ వచ్చేశారు. ఊలూ వచ్చేసింది. మే నెలలో, నలభై దాటిన ఎండలో, ఒళ్ళో ఊలు ముద్ద పెట్టుకుని రెండు సీదా రెండు ఉల్టా అంటూ బార్డరు వేసుకునే మనిషిని చూస్తే, వాకిట్లో నిలబడ్డ కొరియరు కుర్రాడికి కూడా ముచ్చెమటలు పోస్తాయి.

ఈ ఏడాది ఉగాదికి పిన్ని ఒట్టు పెట్టుకుంది. ట్రంకుపెట్టెలో ఉన్నవన్నీ పూర్తిచేసేదాకా కొత్త ఊలు ముట్టదట. బాబాయి పంచాంగ శ్రవణం ఆపి మరీ విన్నారు. ఒట్టుకి చివర్లో చిన్న మెలిక ఉంది.

"ఊరికే పూర్తిచేస్తే ఏముందిరా? ఒక్కోదాన్ని ఒక్కో కొత్త టెక్నిక్‌తో పూర్తిచేస్తా. పనికి పని, చదువుకి చదువు."

కొంప మునిగింది ఆ చదువు దగ్గరే.

పెట్టెలో పైనున్నది పసుపు రంగు చంటిపిల్లాడి స్వెటర్. మా అన్నయ్య కొడుకు కడుపులో ఉన్నప్పుడు మొదలైంది. వాడిప్పుడు బీటెక్ మూడో ఏడు. పిన్ని లెక్కలో ఇది ఆలస్యం కానే కాదు. "వాడికి మాత్రం పిల్లలు పుట్టరూ?" అంటుంది. దాని వెనక భాగం అత్తగారు ఇంట్లో ఉన్న రోజుల్లో అల్లింది. ముందు భాగం ఆవిడ కాశీయాత్రకి వెళ్ళినప్పటిది. అదే ఊలు, అవే పది నంబరు సూదులు, అన్నే కుట్లు. అయినా ముందు భాగం రెండంగుళాలు వెడల్పు. చేతి బిగువు మనసు చెప్పినట్టు వింటుంది మరి. పది సెంటీమీటర్ల ముక్క అల్లి, కుట్లు లెక్కపెట్టుకుని అప్పుడు మొదలెట్టమని అల్లిక పుస్తకాలన్నీ మొత్తుకునేది ఇందుకే. పిన్ని ఎప్పుడూ లెక్కపెట్టలేదు. "ఊలు సాగింది" అంటుంది.

దాని కింద బాబాయి మెరూన్ స్వెటర్. రాగ్లన్ చేతులు, అంటే మెడ దగ్గర్నుంచి చంక దాకా ఏటవాలుగా దిగేవి. ఒక చెయ్యి అయింది. రెండోది అల్లమంటే పిన్ని చరిత్ర అందుకుంటుంది. రాగ్లన్ దొర 1815లో వాటర్లూ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. 1854లో క్రిమియా యుద్ధానికి ఇంగ్లీషు సైన్యాన్ని నడిపించిందీ ఆయనే. ఆయన కిందే కార్డిగన్ దొర గుర్రాల దండు వేసుకుని ఫిరంగుల మీదికి ఉరికాడు. ఆ పోరు జరిగింది బాలక్లావా దగ్గర, మన మంకీ క్యాప్‌ని ఇంగ్లీషువాళ్ళు ఇప్పటికీ ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. అంతా నిజమే. ఒక్క యుద్ధంలో ఇన్ని ఊలు బట్టలకి పేర్లు దొరికాయంటే ఎవరికైనా ఆశ్చర్యమే. బాబాయి శ్రద్ధగా విని, "అయితే ఇది ఆ దొర కొలతలకే అల్లుతున్నావన్నమాట" అన్నారు.

తర్వాత ఒంటరి సాక్సు వంతు. దాని కొసని అతుకు కనబడకుండా మూసే పద్ధతిని కిచెనర్ కుట్టు అంటారు. 1902 నుంచి 1909 దాకా మన దేశంలో సైన్యాధిపతిగా ఉండి, మొదటి ప్రపంచ యుద్ధానికి యుద్ధమంత్రి అయిన ఆ కిచెనర్ పేరే. దబ్బనంలాంటి లావు సూదితో రెండు వరసల కుట్లనీ మార్చి మార్చి పట్టుకుంటూ పోవాలి. సాక్సు మీద ప్రయోగం ఎందుకని, నేర్చుకోవడానికి పిన్ని రెండు చిన్న ముక్కలు అల్లింది. ముక్కలు ముచ్చటగా వచ్చాయి. అంత ముచ్చటైనవి పారెయ్యడానికి చేతులు రాక, దిండు గలీబు చేద్దామని పెంచింది. గలీబు సగంలో ఆగింది. సాక్సు అక్కడే ఉంది.

సూదుల సంగతి చెప్పనే లేదు. ఆగిపోయిన ప్రతి అల్లికా ఒక జత సూదుల్ని పట్టుకు కూర్చుంటుంది. కొత్తది ఎక్కించాలంటే కొత్త జత కొనాలి. ఒట్టులో ఊలు మాటే ఉంది గానీ సూదుల మాట లేదు. ఇన్ని కొన్నా, కావలసినప్పుడు ఒక్కటీ కనబడదు. ఒకటి లంగా బొందు ఎక్కించడానికి పోతుంది, ఇంకొకటి బాబాయి వీపు గోకుతూ ఉంటుంది.

యూట్యూబ్‌లో షెట్లాండ్ దీవులవాళ్ళు రంగురంగుల స్వెటర్ని గొట్టంలా అల్లేసి, తర్వాత కత్తెరతో నిట్టనిలువునా కోసి గుండీలు పెట్టడం చూసిన రోజు ఇంట్లో కత్తెర మాయమైంది. అక్కడి ఊలుకి నూగు ఎక్కువ, ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటుంది కాబట్టి కోసినా ఊడిపోదు. మనం కొనేది నున్నటి యాక్రిలిక్. కోస్తే కుట్లన్నీ పరుగే. బాబాయికి ఇంత శాస్త్రం తెలియదు. కోయబోయేది తన స్వెటర్ అని మాత్రం తెలుసు.

ఆయన జమాఖర్చుల శాఖలో పనిచేసిన మనిషి. ఉగాది నాడే ఒక పద్దు పుస్తకం తెరిచారు. ప్రారంభ నిల్వ 11. దసరాకి ముగింపు నిల్వ 17. పూర్తయినవి సున్నా.

ఆ దసరాకే నరసాపురం నుంచి అత్తయ్య వచ్చింది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు సన్నటి కొక్కెం సూదీ దారంతో అల్లే లేసు పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గుర్తింపు పనికి వచ్చింది గానీ, పీసుకి ఇంత అని ఇచ్చే కూలి మాత్రం ఎప్పుడూ బొటాబొటే. అత్తయ్య చిన్నప్పుడు లేసు అల్లి స్కూలు ఫీజు కట్టుకుంది. సగం పీసుకి ఎవరూ పైసా ఇవ్వరు గనక, సగంలో ఆపడమనే విలాసం ఆవిడకి అలవాటు కాలేదు.

సీరియల్ చూస్తూ పసుపు స్వెటర్ చేతిలోకి తీసుకుంది. వెడల్పెక్కువైన ముందు భాగానికి కుచ్చులు పోసింది, భుజాలు కలిపేసింది, చుట్టూ చిప్పల అంచు వేసింది. రెండో సీరియల్ అయ్యేసరికి స్వెటర్ తయారు. అందరం ఫోటోలు తీశాం. బాబాయి పుస్తకం తెప్పించి, పూర్తయినవి అన్నచోట పెన్నుతో ఒకటి వేశారు. పిన్ని "చేతులు కాదు వదినగారూ, మీవి యంత్రాలు" అంది గానీ, ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు.

మర్నాడు మధ్యాహ్నం అత్తయ్య కునుకు తీస్తుంటే, పెరటి గదిలో పిన్ని ఒళ్ళో పసుపు ఊలు కుప్పగా పడి ఉంది. సగం స్వెటర్ అప్పటికే విప్పేసింది.

"అదేంటి పిన్నీ!"

"మెల్లిగా మాట్లాడరా, ఆవిడ లేస్తుంది. భుజాలు మామూలుగా కుట్టేసింది చూడు. వీటికి నేను కిచెనర్ అనుకున్నాను."

బాబాయికి చెప్పక తప్పలేదు. ఆయన ఏమీ అనలేదు. కళ్ళజోడు పెట్టుకుని, నిన్న వేసిన ఒకటిని స్కేలుతో అడ్డంగా కొట్టేసి, పక్కన ఎర్ర సిరాతో 'రివర్సల్ ఎంట్రీ' అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టారు.