అపార్ట్‌మెంటు మల్లినాథుడు

వార్తకూ దాన్ని చదివేవాడికీ నడుమ తనంత తానుగా వచ్చి నిలబడి, ఎవరూ అడగకుండానే తాత్పర్యం చెప్పే గృహస్థును తెలుగు పట్టణ సమాజంలో ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించవలసిన సమయం ఎప్పుడో వచ్చింది. ఇతడు విలేకరి కాడు, ఎందుకంటే వార్త కోసం గడప దాటడు. పార్టీ కార్యకర్త కాడు, ఎందుకంటే జెండా మొయ్యడు, సభకు పోయి ఎండలో నిలబడడు. పండితుడు అంతకన్నా కాడు, ఎందుకంటే పండితుడికి తెలియని విషయాలు కొన్ని ఉంటాయి. నలభై అయిదు దాటిన వయస్సు, స్థిరమైన జీతమో పింఛనో, కూకట్‌పల్లిలోనో విశాఖ ఎం.వి.పి. కాలనీలోనో ఒక ఫ్లాటు, చేతిలో ఫోను, ఆ ఫోనులో అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు ఉన్నవాడికి ఈ వర్గంలో చేరడానికి వేరే అర్హత అక్కరలేదు. మంచినీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో, లిఫ్టు ఎందుకు ఆగిందో చెప్పుకోవడానికి పెట్టుకున్న ఆ గ్రూపు ఇతని చొరవ వల్ల క్రమంగా విదేశాంగ విధానం, ఉక్కు పరిశ్రమ, కృత్రిమ మేధ మొదలైన సకల శాస్త్రాలకూ పీఠమవుతుంది. ఇతనికి వ్యాఖ్యాత అన్న పేరే తగినది.

తెలుగునాట వ్యాఖ్యానానికి ఘనమైన చరిత్రే ఉంది. మెదక్ ప్రాంతపు కొల్చారానికి చెందినవాడని చెప్పే మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు రాసిన టీకలు సంస్కృతం నేర్చుకునేవారికి నేటికీ చేతికర్రలే. మూలంలో లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ ఆయన ముందుగానే మాట ఇచ్చి మరీ కలం పట్టాడు. నేటి వ్యాఖ్యాత అటువంటి మాట ఏదీ ఇవ్వడు గాని, ఆచరణను బట్టి చూస్తే ఆ రెండు నియమాలూ ఇతనికి క్షుణ్ణంగా తెలుసుననీ, ప్రతిరోజూ శ్రద్ధగా వాటిని తలకిందులు చేస్తున్నాడనీ ఒప్పుకోక తప్పదు. మూలం చదవకపోవడం ఇతని విషయంలో సోమరితనం కాదు, పద్ధతి. శీర్షికతో ఆగినవాడికి వెంటనే అభిప్రాయం ఏర్పడుతుంది. చివరిదాకా చదివినవాడు ‘అయితే’, ‘కాకపోతే’ అంటూ సందేహంలో పడతాడు, ఆ లోపల 304 నంబరు ఫ్లాటాయన ముందుగా రాసేస్తాడు.

ఇతని సిద్ధాంతానికి మూలసూత్రం ఒకటే: లోకంలో పొరపాటు అనేది జరగదు. జరిగిన ప్రతిదాని వెనుకా ఎవరో ఉంటారు, ఉన్నవాళ్లు పెద్దవాళ్లై ఉంటారు, వాళ్ల ఉద్దేశం ఇతనికి తెలిసి ఉంటుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేరుకు పంపిన ఒక సవరణలో లోపం ఉండి, ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెర చూపించి నిలిచిపోయాయి. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతిరాతతో బోర్డింగ్ పాసులు ఇచ్చారు. దొంగల నుంచి కాపాడవలసిన కాపలాదారే తలుపుకు లోపలి గడియ పెట్టి తాళంచెవి పోగొట్టుకోవడం ఎంత చక్కని హాస్య సన్నివేశమో చూడగల అవకాశం ఆ రోజు అందరికీ దక్కింది, వ్యాఖ్యాతకు తప్ప. మధ్యాహ్నానికి ఇతడు దాన్ని చైనా దాడిగా తేల్చాడు. సాయంత్రం సంస్థవారు తమ తప్పును ఒప్పుకొన్నాక, ‘‘ఒప్పుకోక ఏం చేస్తారు సార్, పైనుంచి ఆర్డరు వచ్చి ఉంటుంది’’ అని ముగించాడు. నిజం బయటపడ్డాక కూడా సిద్ధాంతం చెక్కుచెదరకపోవడం ఇతని శాస్త్రంలో గొప్ప లక్షణం.

చిప్పు అనే వస్తువుతో ఇతనికి గల అనుబంధం కొంచెం వివరంగా చెప్పదగినది. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయి కొత్త రెండువేల నోటు వచ్చినప్పుడు, అందులో ఒక చిప్పు దాగి ఉందనీ, నోట్లకట్టను భూమిలో 120 మీటర్ల లోతున పాతిపెట్టినా ఉపగ్రహానికి తెలిసిపోతుందనీ దేశమంతా ఒక పుకారు తిరిగింది. బోరు వేయించిన అనుభవం గలవాడు 120 మీటర్ల లోతున నోట్లు ఎవరు పాతిపెడతారని అడిగి ఉండేవాడు. వ్యాఖ్యాత అడగలేదు, ఆ లోతును కూడా కలిపి పదిమందికి పంపాడు. 2023 మే 19న రిజర్వు బ్యాంకు ఆ నోటును ఉపసంహరిస్తున్నట్టు ప్రకటించినప్పుడు చిప్పుల సంగతి ఏమైందని ఇతణ్ణి అడిగినవారు లేరు. ఈ మధ్యలో, 2021 డిసెంబరులో, కేంద్ర ప్రభుత్వం సెమీకండక్టర్ల తయారీ కోసం 76,000 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించడంతో ఇతడు పాత పరిచయంతోనే ఆ రంగంలోకి కూడా ప్రవేశించాడు. ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. సిలికాన్ పలక మీద కంటికి కనిపించని పరిపథాలను అచ్చొత్తే కర్మాగారాన్ని ఫ్యాబ్ అంటారు, దానికి ధూళికణం చొరబడని గదులు, అతి శుద్ధమైన నీరు, రెప్పపాటు కూడా పోని కరెంటు కావాలి; ఆ పలకను ముక్కలుగా కోసి, తొడుగు వేసి, పరీక్షించి పంపే కర్మాగారం వేరు, దాని పెట్టుబడి తక్కువ, పని వేరు. వ్యాఖ్యాత దృష్టిలో రెండూ చిప్పుల ఫ్యాక్టరీలే. వేదాంత, ఫాక్స్‌కాన్ సంస్థలు గుజరాత్‌లో కలిసి కర్మాగారం పెడతామన్నప్పుడు దేశం తైవాన్ అయిపోయిందని రాసినవాడూ, 2023 జూలైలో ఫాక్స్‌కాన్ ఆ భాగస్వామ్యం నుంచి తప్పుకున్నప్పుడు దేశం మునిగిపోయిందని రాసినవాడూ ఒకడే కావడం యాదృచ్ఛికం కాదు. రెండుసార్లూ ముందు రాసినవాడు అతడే.

అయినా ఈ వర్గం సత్తా పూర్తిగా తెలిసేది ఎన్నికల వేళ. 2024 జూన్ 1 సాయంత్రం చివరి విడత పోలింగ్ ముగియగానే ఎగ్జిట్ పోల్స్, అంటే ఓటు వేసి బయటికి వస్తున్నవారిని అడిగి కట్టే అంచనాలు, వెలువడ్డాయి. చాలా సంస్థలు కేంద్రంలో ఎన్డీయేకు 350కి పైగా స్థానాలు ఇచ్చాయి. వ్యాఖ్యాత వాటికి మరో పాతిక కలిపి, ‘‘రాసి పెట్టుకోండి’’ అన్నాడు. జూన్ 3న సెన్సెక్స్ 2,500 పాయింట్లకు పైగా లేచింది, ఇతని కంఠం కూడా లేచింది. మర్నాడు ఓట్లు లెక్కపెడితే ఎన్డీయేకు 293 వచ్చాయి, సెన్సెక్స్ దాదాపు 4,400 పాయింట్లు కూలింది. ఇక్కడ ఒక సాంకేతిక విషయం ఇతని పాలిట శత్రువైంది: వాట్సాప్‌లో పంపిన సందేశాన్ని అందరి ఫోన్లలోంచీ తుడిచివేయడానికి రెండున్నర రోజుల గడువు మాత్రమే ఉంటుంది, జూన్ 1 సాయంత్రం ఆరున్నరకు రాసిన జోస్యం గడువు జూన్ 4 ఉదయం ఆరున్నరకే తీరిపోయింది, లెక్కింపు మొదలైంది ఎనిమిదింటికి. మామూలు మనిషైతే ఆ రోజు ఫోను కట్టేసి పడుకునేవాడు. వ్యాఖ్యాత మాత్రం పదకొండింటికల్లా, ‘‘గ్రౌండులో పరిస్థితి వేరేగా ఉందని నేను మొదటి నుంచీ అంటూనే ఉన్నాను’’ అని రాశాడు. పైకి జరిపి చూస్తే పాత జోస్యం అక్షరం పొల్లు పోకుండా అక్కడే ఉంది గాని ఎవరూ చూడలేదు. చూడకపోవడం ఆ గ్రూపు మర్యాద. ఒకరి పాత సందేశం తవ్వి తీస్తే తమది మరొకరు తీస్తారని అందరికీ తెలుసు, కాబట్టి ఈ ఒక్క విషయంలో అన్ని పార్టీలవారి నడుమా తిరుగులేని పొత్తు ఉంటుంది. అదే రోజు ఆంధ్రప్రదేశ్‌లో 175 శాసనసభ స్థానాలకు ప్రతిపక్ష కూటమి 164 గెలుచుకుంది, అధికారపక్షానికి 11 మిగిలాయి. అంతటి తేడాను ముందుగా ఊహించినవారు జూన్ 3న చాలా అరుదు. జూన్ 5న, ఊహించనివాడు ఒక్కడు దొరికితే గొప్ప.

పరిశ్రమల వార్తలు వచ్చినప్పుడు వ్యాఖ్యాతలు రెండు శాఖలుగా చీలుతారు. ప్రభుత్వమూ కంపెనీ కుదుర్చుకునే ఎం.ఓ.యు., అనగా అవగాహన ఒప్పందం, సాధారణంగా ఎవరినీ కట్టిపడేసేది కాదు; పెళ్లిచూపుల్లో కాఫీ తాగడం వంటిది. ఒక శాఖవారు కప్పు చేతికి అందగానే శుభలేఖలు పంచుతారు, రెండో శాఖవారు కప్పు కింద పెట్టగానే విడాకులు ప్రకటిస్తారు. అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారానికి 2017లో ఒప్పందం కుదిరింది, 2019లో ప్రభుత్వం మారింది, ఆ ఏడాది డిసెంబరులో కొత్త ముఖ్యమంత్రి చేతుల మీదుగా ప్రారంభోత్సవం జరిగింది. ఒకే కర్మాగారానికి ఇద్దరు ముఖ్యమంత్రులు తగలడంతో ఘనత ఎవరిదన్న చర్చ పెరిగి పెద్దదైంది. 2020 ఫిబ్రవరిలో ఆ కర్మాగారాన్ని తమిళనాడుకు తరలించే ఆలోచన ఉందని ఒక వార్త రాగా సంస్థ వెంటనే ఖండించింది; కాని ఖండన చేరేలోపల రెండో శాఖవారు యంత్రాలు లారీలకెక్కించి హోసూరు దాటించారు. ఇంతకీ ఈ చర్చలో పాల్గొన్న ఏ ఒక్కరికీ, ఆ కర్మాగారానికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో, పెనుకొండ కుర్రాళ్లలో ఎందరికి అందులో పని దొరికిందో తెలుసుకోవాలని అనిపించలేదు. అవి తెలుసుకుంటే దొరికే జవాబులకు పార్టీ ఉండదు.

వ్యాఖ్యాత ఎప్పుడు మాట్లాడతాడో ఇంతవరకూ చూడడమైంది. ఎప్పుడు మాట్లాడడో చూస్తే ఇతని స్వరూపం ఇంకా బాగా బోధపడుతుంది. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ కొత్త హెచ్-1బి వీసా దరఖాస్తుకు లక్ష డాలర్లు, అంటే సుమారు 88 లక్షల రూపాయలు, చెల్లించాలన్న ప్రకటన మీద సంతకం చేశాడు. నైపుణ్యంగల విదేశీ ఉద్యోగులను అమెరికా కంపెనీలు తాత్కాలికంగా రప్పించుకొనే ఈ వీసా తెలుగు మధ్యతరగతికి ఇంటి పేరంత దగ్గరిది. ఆ రుసుము ఏటా కట్టాలా, ఒక్కసారేనా, ఇప్పటికే అక్కడున్నవారికి వర్తిస్తుందా అన్నది మర్నాటిదాకా తేలలేదు. తేలేటప్పటికి ఒక్కసారేననీ, కొత్త దరఖాస్తులకేననీ తెలిసింది. ఆ రాత్రి గ్రూపులో, పిల్లలు ఇక్కడే బ్యాంకు ఉద్యోగాల్లో ఉన్న వ్యాఖ్యాతలు మేధావుల వలసకు అడ్డుకట్ట పడిందనీ, ఇది దేశానికి వరమనీ, డాలరు పతనం మొదలైందనీ గుక్క తిప్పుకోకుండా రాశారు. అంతకు ముందు రోజు వరకూ అమెరికా రాజకీయాల మీద అందరికన్నా ఎక్కువ రాసే పెద్దమనిషి, డాలస్‌లో కొడుకు, కడుపుతో ఉన్న కోడలు ఉన్నాయన, ఒక్క ముక్క రాయలేదు. ఆయన ఆ రాత్రంతా కొడుకు కంపెనీ నుంచి వచ్చిన మెయిలును కళ్లద్దాలు మార్చి మార్చి చదువుతూ, అందులోని ప్రతి షరతుకూ అర్థం వెతుక్కుంటున్నాడు. మూలం చివరిదాకా చదవడం ఆయనకు అదే మొదటిసారి కావచ్చు.

విషయం తనదైతే నోరు కట్టుబడడం ఒక్క కష్టకాలంలోనే జరిగేది కాదు, చేసే వృత్తి విషయంలోనూ అంతే. 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో గిగావాట్ స్థాయి డేటా సెంటరు నెలకొల్పుతామని ప్రకటించింది. డేటా సెంటరు అంటే వేలాది కంప్యూటర్లను ఒకచోట పేర్చి రాత్రింబగళ్లు నడిపించే, వాటి వేడిని నిత్యం చల్లార్చే ఒక భవన సముదాయం. దాని పరిమాణాన్ని గదులతో కాక అది తాగే కరెంటుతో కొలుస్తారు. గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు, విశాఖ పక్కనే పరవాడలో ఉన్న ఎన్టీపీసీ సింహాద్రి కేంద్రపు మొత్తం సామర్థ్యంలో సగం. గ్రూపులో ఒకాయన గిగా అన్న మాట ఫోనులోని గిగాబైట్ల కుటుంబానిదే అనుకొని, ‘‘నా ఫోనులోనే 128 ఉన్నాయి, ఒక్క గిగాకు ఇంత హడావుడా’’ అని ఆశ్చర్యపోయాడు. పదేళ్లుగా సాఫ్ట్‌వేరులో పనిచేస్తున్న యువకుడు కరెంటు బాధ్యత తీసుకొని, మేడ మీద సౌర ఫలకాలు పెడితే సరిపోతుందని హామీ ఇచ్చాడు. విద్యుత్ శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి డివిజనల్ ఇంజనీరుగా రిటైరైన పెద్దాయన, అంత లోడు పడితే కొత్త లైన్లు, సబ్‌స్టేషన్లు ఎన్ని కావాలో ఆ గ్రూపు మొత్తంలో లెక్క కట్టగల ఒకే ఒక మనిషి, ఆ విషయం జోలికి పోకుండా, కృత్రిమ మేధ వల్ల అయిదేళ్లలో సాఫ్ట్‌వేరు ఉద్యోగాలన్నీ మాయమవుతాయని మూడు సందేశాల్లో నిరూపించాడు. యువకుడు దానికి బొటనవేలు చూపించలేదు గాని, ఖండించనూ లేదు. తన రంగంలో ఏది మాయమవుతుందో ఏది మిగులుతుందో అతనికే ఇంకా అంతుపట్టలేదు. ఒకరినొకరు అడిగి ఉంటే ఇద్దరికీ నాలుగు నిజాలు దక్కేవి. అడగడం అనేది ఈ శాస్త్రంలో లేదు.

ఆ వారమే కరెంటు కోతల నాడు అపార్ట్‌మెంటు కార్యదర్శి, జనరేటరు మీద రెండో లిఫ్టు కూడా నడపవచ్చునా అని పెద్దాయన్ని గ్రూపులోనే అడిగాడు. జనరేటరు ఎన్ని కె.వి.ఎ.దో, ఇప్పుడు దాని మీద ఎంత లోడు ఉందో, మోటారు కదిలే క్షణంలో మామూలు కన్నా ఎన్ని రెట్లు కరెంటు లాగుతుందో చూడకుండా చెప్పడం కష్టమనీ, సాయంత్రం కిందికి వచ్చి మీటరు పెట్టి చూస్తాననీ, అప్పటిదాకా తొందరపడవద్దనీ ఆయన ఆరు పంక్తుల్లో జవాబిచ్చాడు. అది ఎవరూ చివరిదాకా చదవలేదు. దాని కిందనే సాఫ్ట్‌వేరు యువకుడు, ‘‘జనరేటర్ల పని అయిపోయింది అంకుల్, ఇక అంతా బ్యాటరీలే, రాసి పెట్టుకోండి’’ అని రాయగా పదకొండు బొటనవేళ్లు లేచాయి.