స్టాండు లేని బండి

మా బావ సైకిలుకు స్టాండు లేదు. బెల్లు లేదు, మడ్‌గార్డు లేదు, వెనక క్యారేజీ లేదు. ఉన్నవాటికి తక్కువ, లేనివాటికి ఎక్కువ డబ్బు పోశాడని మా అక్క లెక్క. "ఒక్కోటి పీకేసిన కొద్దీ ధర పెరుగుతదట తమ్ముడూ. ఇంక చక్రాలు కూడా పీకేస్తే మేం ఇల్లు అమ్ముకోవాలె" అంటుంది.

స్టాండు ఎందుకు లేదంటే బావ ఒకే మాట చెబుతాడు. "బరువు." స్టాండు బరువు ఎంతో నాకు తెలీదు గానీ, ఆ మాట చెప్పేటప్పుడు బిగుతు బనియను కింద నుంచి బయటికి తొంగి చూసే పొట్ట బరువు మాత్రం కంటితోనే తూచవచ్చు. పెద్దవాడు, అక్క మొగుడు, నేనేమీ అనను. ఇక్కడ రాసుకుంటాను.

ఇలాంటి బావ మీకూ ఉండే ఉంటాడు. బావ కాకపోతే ఆఫీసులో పక్క సీటాయన, అపార్ట్‌మెంటులో కింది ఫ్లోరాయన. నలభై అయిదు దాటాక డాక్టరు షుగరు రిపోర్టు చూసి 'కాస్త నడవండి' అంటాడు. నడవమనిపించుకున్న మనిషి వెళ్లి సైకిలు కొంటాడు. మూడో నెలకు హెల్మెటు, నల్లద్దాలు, వెనక మెత్త కుట్టిన చెడ్డీ వస్తాయి. నాలుగో నెలకు చరిత్ర మీద ప్రేమ పుడుతుంది.

చరిత్ర ఎందుకంటే, ఊరికే రోడ్ల మీద తిరిగొచ్చానంటే ఇంట్లో ఎవరూ మెచ్చరు. "గుడికి పోయొచ్చిన" అంటే అక్క కూడా ఉప్మా వేడిగా పెడుతుంది. ఈ విషయంలో హనుమకొండ వాళ్లం అదృష్టవంతులం. ఏ దిక్కుకు తొక్కినా కాకతీయులు ఏదో ఒకటి కట్టి ఉంచారు. బావ వాటన్నిటినీ కలిపి 'రూట్లు' వేశాడు, పేర్లు కూడా పెట్టాడు. కాలేజీకి వెళ్లేలోపు అయిపోయేది 'రుద్రదేవ రౌండు'. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయి స్తంభాల గుడి ముందు మొదలుపెట్టి, వరంగల్ కోట చుట్టి ఇంటికి. ఆదివారాలు 'పోతన రూటు', పాలకుర్తి మీదుగా బమ్మెర. రెండు రోజులు సెలవు కలిసొస్తే 'పాకాల రూటు', నర్సంపేట మీదుగా చెరువు దాకా, రానూపోనూ నూరు కిలోమీటర్లు. ఆ రెండో రోజు సెలవు పడుకోవడానికి.

ఏ రూటు గురించి అడిగినా జవాబు ఒకటే. "అంతా సాపే బామ్మర్దీ!" భూమి గుండ్రంగా ఉందన్న సంగతి బావ దగ్గర ఎత్తి లాభం లేదు. ఆయన లెక్కల లెక్చరర్. "పోయేటప్పుడు ఎక్కుతం, వచ్చేటప్పుడు అదే దిగుతం. రెండూ కొట్టేస్తే సున్నా. మరి సాపే గదా?"

స్టాండు సంగతికొచ్చేద్దాం, అసలు కథంతా అక్కడే ఉంది. స్టాండు లేని సైకిలు ఎక్కడా దానంతటది నిలబడదు. కింద పడుకోబెడితే గీతలు పడతాయి. కాబట్టి దానికి ఎప్పుడూ ఒక గోడ కావాలి. బావ కాకతీయ సామ్రాజ్యాన్ని చూసేది ఈ కంటితోనే. కోటలో నాలుగు వైపులా నాలుగు రాతి తోరణాలున్నాయి కదా, 2014లో మన రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కినవి. నిలువు రాళ్లూ అడ్డ రాళ్లూ ఎంత ఎత్తుకెళ్లాయో చూస్తే మెడ నొప్పి పుడుతుంది, పైన హంసలు. "వాటిల్లో ఏది బాగుంటది బావా?" అని ఒకసారి అడిగాను. కాసేపు ఆలోచించి, "అన్నీ బాగుంటయి. ఒక్కదానికీ ఆనించనియ్యరు" అన్నాడు. అక్కడి వాచ్‌మన్ ఈయన ఎర్ర హెల్మెటు దూరాన కనబడగానే విజిల్ నోట్లో పెట్టుకుంటాడు.

ఇంక నా పాత బాకీ. రెండేళ్ల కింద, కార్తీక మాసంలో, నన్ను రామప్పకు తీసుకెళ్లాడు. దగ్గర దగ్గర డెబ్భై కిలోమీటర్లు. తన పాత సైకిలు నాకిచ్చాడు. దాని సీటు సీటు కాదు, కత్తిపీట. తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాం. గూడెప్పాడు దాకా నాకు ఉత్సాహం ఉంది. మల్లంపల్లి దాకా కాళ్లున్నాయి. ములుగు చేరేసరికి మాత్రం ఒక సంగతి అర్థమైంది: సున్నా అవుతుందన్న ఎక్కుళ్లన్నీ పోయేటప్పుడే వచ్చాయి. "ఇంకెంత దూరం బావా?" "ఇంకో రెండే." జంగాలపల్లి దగ్గరా రెండే, వెంకటాపురం దగ్గరా రెండే. ములుగులో చాయ తాగుతుంటే ఒక పెద్దాయన బావ సైకిలు చుట్టూ రెండుసార్లు తిరిగి, "గింత పైసలు పెట్టి కొంటే స్టాండు ఇయ్యలేదా సారూ?" అని నిజంగానే బాధపడ్డాడు. బావ ఆ రోజంతా ఆయన మీద కోపంగానే ఉన్నాడు.

పాలంపేటలో గుడి ముందు హోటలు గోడకు సైకిళ్లు ఆనించాం. ఫొటోలు మొదలయ్యాయి. ఇలాంటి ఫొటోకు ఒక శాస్త్రం ఉంది. చైను ఉన్న వైపే కెమెరాకు కనబడాలి. పెడలు గడియారంలో మూడు గంటల ముల్లులా అడ్డంగా ఉండాలి. వెనక శిఖరం రావాలి, శిఖరం రాకపోయినా ఫరవాలేదు గానీ పెడలు కిందికి జారకూడదు. ఈ గుడి కట్టడానికి నలభై ఏళ్లు పట్టిందంటారు. నేను రెండు చేతులతో వెనక నుంచి సైకిలు పట్టుకొని, చేతులు ఫొటోలో పడకుండా గోడ చాటున వంగి నిలబడి, ఆ నలభై ఏళ్లూ అనుభవించాను.

లోపలికి వెళ్లాక ఒక గైడు స్కూలు పిల్లలకు చూర్ల కింద మదనికలను చూపిస్తున్నాడు. అందులో ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నాయి. "చూసిన్రా, ఎనిమిది వందల ఏండ్ల కిందనే!" అన్నాడు గైడు. పిల్లలు పైకి చూడలేదు. బావ సైకిలు బూట్లను చూశారు. అడుగున పెడలుకు తగిలించే గట్టి దిమ్మెలుంటాయి వాటికి. నేల మీద నడిస్తే టక్కు టక్కుమని, బాతు నడక. బయట వదిలితే ఎవరైనా ఎత్తుకెళతారని రెండు బూట్లనూ తాడు కట్టి మెడలో వేసుకున్నాడు ఆయన. ఒక పిల్ల పక్కదాన్ని గిల్లి చూపించింది.

1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అని, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వెళ్లిందని గైడు చెబుతుంటే బావ ఫోనులో తన సగటు వేగం చూసుకుంటున్నాడు. శిఖరం ఇటుకల మాట వచ్చినప్పుడు మాత్రం ఉలిక్కిపడి తలెత్తాడు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక, పైన బరువు పడకుండా. పునాదిలో గుంట తీసి ఇసుక నింపి, ఆ ఇసుక మీద గుడి. "విన్నవా బామ్మర్దీ? పైన బరువు తగ్గించిన్రు, కింద అదురు లేకుండ చేసిన్రు. అసలైన బండి అంటే గిది!" కళ్లలో నీళ్లు తిరిగాయి ఆయనకు. నిజం చెప్పాలంటే, ఆ గుడిని అంత సూటిగా అర్థం చేసుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఒప్పుకోవడానికి కష్టంగా ఉంది.

తిరుగు దారిలో మబ్బు పట్టింది. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి ఉన్నాయి. ఒక ముసలామె ఒక్కతే గబగబా కుప్ప చేస్తోంది. బావకు అప్పుడు సగటు ఇరవై రెండు నడుస్తోంది, ఆయన జీవితంలోనే గొప్ప అంకె. చటుక్కున దిగాడు. ముందు మీటరు ఆపాడు, అది వేరే సంగతి. సైకిలును రోడ్డు పక్క మట్టిలో పడుకోబెట్టాడు. అవును, పడుకోబెట్టాడు. చైను ఉన్న వైపే కిందికి! బూట్లు విప్పేసి, ఆ బిగుతు చెడ్డీతోనే గంపలెత్తాడు, నాచేత పరదా పట్టించాడు. చినుకులు పడేసరికి చివరి మూల మీద రాయి పెడుతున్నాం. ముసలామె కొంగుతో మొహం తుడుచుకొని, మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, "పెట్రోలు బండి లేదా బిడ్డా మీకు?" అని జాలిపడి, నాలుగు సీతాఫలాలు చేతిలో పెట్టింది. పెట్టుకోవడానికి క్యారేజీ లేదు. వానలో నిలబడి అక్కడే తిన్నాం. వారం పాటు నేను బావతో మాట్లాడలేదు గానీ, ఆ సీతాఫలం రుచి మాత్రం ఇప్పటికీ నాలుక మీదే ఉంది.

మా నాన్న బడిపంతులు. అట్లాస్ సైకిలు మీద, ముందు బారు మీద నన్నూ, వెనక క్యారేజీ మీద బియ్యం సంచీనీ పెట్టుకొని ఊళ్ల మధ్య ముప్పై ఏళ్లు తిరిగాడు. దాన్ని రూటు అనలేదు, డ్యూటీ అన్నాడు. బావ కథ ఇంతసేపు చెప్పిన నేను నాన్న అంత నిబ్బరంగా ఉన్నానా అంటే, లేను. పోయిన ఏడు నేనూ కొన్నాను. షాపతను "స్టాండు వెయ్యమంటారా సార్?" అన్నప్పుడు, ఆలోచించక ముందే నా నోట్లోంచి ఒక మాట జారింది. "బరువు."

మొన్న సంక్రాంతి సెలవుల్లో అమ్మను కారులో రామప్పకు తీసుకెళ్లాను. నంది ముందు చాలాసేపు నిలబడి, "ఎవరో పిలిచినట్టు చెవులు రిక్కించి ఎట్ల కూసున్నదో చూడు" అంది. "ఆరుసార్లు వచ్చినవు గదరా, ఈ ముచ్చట ఒక్కసారి కూడా చెప్పలే?" నేనేం చెప్పను? ఆ ఆరుసార్లూ నేను చూసింది గేటు ముందు హోటలు గోడనే. గుళ్లోంచి బయటికి రాగానే చూశాను, ఆ గోడ లేదు. గుండె ఝల్లుమంది. అక్కడికక్కడే ఫోను చేశాను.

"బావా, హోటలు గోడ కూలగొట్టి రేకులు వేసిన్రు."

అవతల చాలాసేపు మాట లేదు.

"రేకులా?" అన్నాడు చివరికి. "రంగు గీక్కపోతది గదా బామ్మర్దీ!"