బీకాం ఫైనాన్సు బాబు

వీణ్ణి గుర్తుపట్టడానికి పెళ్లి భోజనాలకి మించిన చోటు లేదు. పక్క కుర్చీలోని పెద్దాయన "ఏం చదువుతున్నావు బాబూ?" అని అడుగుతాడు. బీటెక్ కుర్రాడైతే ఒక్క ముక్కలో చెప్పి పప్పు కలుపుకుంటాడు. వీడు "బీకాం" అని ఆగుతాడు. పెద్దాయన మొహంలో జాలి కనబడేదాకా చూసి, అప్పుడు "ఫైనాన్సు" అంటాడు. దాంతో ఆ జాలి కాస్తా భయమవుతుంది. ఆయనకి తెలిసిన ఫైనాన్సు కుర్రాళ్లు వేరే ఉన్నారు మరి. రెండు కిస్తీలు ఆగితే సెంటర్లో బండి ఆపి తాళాలు లాక్కునేవాళ్లు.

తర్వాతి ప్రశ్న పెద్దాయన వయసును బట్టి ఉంటుంది. అరవై దాటితే "బ్యాంకు పరీక్షలు రాస్తావా?" అంటాడు. నలభైల్లో ఉంటే మీసం చాటున నవ్వుకుంటూ "బీకాంలో ఫిజిక్స్ ఉంటుందటగా?" అంటాడు. ఒక ప్రజాప్రతినిధి ఎవరో ఇంటర్వ్యూలో తాను బీకాంలో ఫిజిక్స్ చదివానన్నప్పటి నుంచి రెండు రాష్ట్రాల కామర్సు విద్యార్థులూ మోస్తున్న బరువిది. తక్కినవాళ్లు తల వంచుకుని సాంబారు పోయించుకుంటారు. మనవాడు వంచడు.

"ఉంది అంకుల్. 1900లో బాషెలియే అని పారిస్‌లో ఒకాయన అక్కడి బజార్లో ధరలు ఎలా కదులుతాయో లెక్క కట్టాడు. ఐన్‌స్టీన్ 1905లో నీళ్లలో రేణువుల కదలికకి కట్టిందీ ఆ తరహా లెక్కే. 1973లో బ్లాక్, షోల్స్ అని ఇద్దరు ఆప్షన్ల ధరకి ఒక సమీకరణం రాశారు. దాన్ని కాస్త మార్చి రాస్తే ఇనప కడ్డీలో వేడి పాకే సమీకరణం అవుతుంది. ఇది ఫిజిక్స్ కాదా?"

పెద్దాయన చేతిలో బూరె విస్తట్లోకి జారిపోతుంది. చెప్పిందంతా నిజమే. కాకపోతే వీడు ఆ సమీకరణం చూసింది క్లాసులో కాదు, యూట్యూబులో. క్లాసులో చెప్పిన తరుగుదల లెక్కల్లో మాత్రం వీడికి పోయిన సెమిస్టరు నుంచి బ్యాక్‌లాగ్ ఉంది.

వీడు ఈ దారికి ఎలా వచ్చాడన్నది పెద్ద కథేం కాదు. ఇంటర్లో ఎంఈసీ. సీఏ చేస్తాడని చుట్టాలందరికీ చెప్పారు. ఫౌండేషన్ ఒకసారి పోయింది, ఇంకోసారీ పోయింది. "సీఏతో పాటు డిగ్రీ కూడా చేతిలో ఉంటే మంచిది కదా" అని బీకాంలో చేర్చారు. కొన్నాళ్లకి ఆ మాటలో 'సీఏతో పాటు' రాలిపోయింది. ఇలాంటి కథలు వీధికి మూడున్నాయి.

కథ రుచిగా మారేది టైమ్ వాల్యూ ఆఫ్ మనీ పాఠంతోనే. రేపటి రూపాయి కంటే ఇవాళ్టి రూపాయికి విలువ ఎక్కువ అన్న సంగతి వీడికి తెలిసిన నాటి నుంచి ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. నాన్న దగ్గర ఐదొందలు అప్పు తీసుకుని నాలుగు నెలలు ఇవ్వకపోగా, "నిదానంగా తీరిస్తే నాకు లాభం నాన్నా, సిలబస్‌లోనే ఉంది" అన్నాడు. సినిమాకి కుటుంబమంతా వెళ్తే ఇంటర్వెల్లో లేచి నిలబడ్డాడు. టికెట్ డబ్బులు ఎలాగూ తిరిగి రావు, వాటిని సంక్ కాస్ట్ అంటారు, రెండో సగం కూడా కూర్చుంటే కాలం దండగ అని లెక్చరిచ్చాడు. ఇంతకీ ఆ టికెట్లు వీడు కొన్నవి కావు.

ఆ నాన్న ఆర్టీసీలో కండక్టరు. రాత్రి డ్యూటీ దిగాక డిపోలో టికెట్లు కొట్టే టిమ్ మిషన్ చూపించిన మొత్తానికీ సంచిలో ఉన్న నోట్లకీ లెక్క సరిపోవాలి. పది రూపాయలు తగ్గితే సొంత జేబులోంచి కట్టి ఇంటికొస్తాడు. ఇన్నేళ్లలో ఏ ప్రొఫెసరూ ఆయనకి పాఠం చెప్పలేదు. ఒకరోజు కొడుకుని "నెలకి మూడు వేలిస్తున్నాను, ఎటు పోతున్నాయిరా?" అని అడిగాడు. వీడు కాగితం మీద నిలువు గీత గీసి రెండు పక్కలా రాశాడు. బస్‌పాసు, జిరాక్సులు, టీలు, రీచార్జి. ఇంకా 940 రూపాయలు తేలలేదు. దానికెదురుగా దర్జాగా 'అనామతు ఖాతా' అని రాసి, రెండు పక్కలా కూడి, కింద జంట గీతలు కొట్టాడు. రెండువైపులా టాలీ! నాన్న ఆ కాగితం దీపానికి ఎత్తి చూసి, "మా డిపోలో ఈ సౌకర్యం లేదురా" అన్నాడు.

ఈ అనామతు విద్యను వీడు పరీక్ష హాల్లోనే నేర్చాడు. బ్యాలెన్స్ షీటు లెక్క ఇరవై మార్కులది. గంటసేపు చెమటోడ్చి వేస్తే అప్పుల వైపు 4,32,000, ఆస్తుల వైపు 4,19,500 వచ్చాయి. పక్క బెంచీవాణ్ణి కళ్లతో అడిగాడు. వాడికి రెండువైపులా 4,47,000. అయినా వీడి ధైర్యం చెడలేదు. ఋణగ్రస్తుల దగ్గర ఒక అంకె దిద్దాడు, మిగిలింది అనామతులో వేశాడు, స్కేలుతో గీత కొట్టాడు. బ్యాలెన్స్ షీటు టాలీ అయితే చాలు, లోపల ఏముందో దిద్దేవాళ్లు చూడరని వీడి నమ్మకం. ఆ నమ్మకం వీడొక్కడిదే అయితే బాగుండేది. హైదరాబాదులోనే 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రాసిన ఉత్తరం బయటపడింది. పుస్తకాల్లో చూపిన నగదూ బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవని ఆయనే ఒప్పుకున్నాడు. అప్పటిదాకా ఆ బ్యాలెన్స్ షీట్లన్నీ శుభ్రంగా టాలీ అవుతూనే ఉన్నాయి. వీడు కార్పొరేట్ గవర్నెన్స్ పేపర్లో దీని గురించి నాలుగు పేజీలు రాశాడు. ఆ పేపర్లో మాత్రం మంచి మార్కులొచ్చాయి.

అమ్మ దగ్గర వీడి విద్య ఇంకో మలుపు తిరిగింది. ఆమెకి ఎదురింటావిడ నడిపే లక్ష రూపాయల చిట్టీ ఉంది. ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకి ఐదు వేలు. "ఎప్పుడైనా ఐఆర్ఆర్ కట్టి చూశావా అమ్మా?" అని వీడు ల్యాప్‌టాప్ తెరిచాడు. పెట్టుబడి మీద నిజంగా ఎంత రేటున గిట్టుతోందో చెప్పే లెక్క అది. కట్టాలంటే ఏ నెల ఎంత పోతుందో, ఏ నెల ఎంత వస్తుందో ముందే తెలియాలి.

"పోయిన నెల పాట ఎంతకి పోయింది?"

"పాతిక వేలకి. పాడినామెకి డెబ్బై ఐదు వేలు చేతికొచ్చాయి. ఆ పాతికలో ఐదు వేలు నడిపేవాళ్ల కమీషను. మిగతా ఇరవై వేలు ఇరవై మందికీ తలా వెయ్యి. అందుకే పోయిన నెల నాలుగు వేలే కట్టాను."

ఉల్లిపాయలు తరుగుతూ, తలెత్తకుండా చెప్పింది. వీడు గడుల్లో అంకెలు కొట్టి, "రాబోయే నెలలవి తెలియవు కదా, ఊహించాలి" అని నిట్టూర్చాడు.

"ఊహించడానికేముందిరా? ఈ నెల జూన్, స్కూలు ఫీజులు. ముప్ఫై దాకా పోతుంది. శ్రావణంలో ఇద్దరి ఇళ్లల్లో పెళ్లిళ్లున్నాయి, పోటీ పడతారు. పుష్యంలో ముహూర్తాలుండవు, ఎవరికీ తొందరుండదు. పదిహేనుకో, ఇంకా తక్కువకో పోతుంది. అప్పుడు నేను పాడతాను."

వీడి పుస్తకంలో 'భవిష్యత్ నగదు ప్రవాహాల అంచనా' అని ఒక అధ్యాయం ఉంది. అందులో పుష్యమాసం లేదు.

ఓడిపోతున్నానని తెలిసి వీడు చట్టం తీశాడు. 1982 చిట్‌ఫండ్ల చట్టం ప్రకారం చిట్టీ రిజిస్టరు కావాలి, నడిపేవాళ్లు పూచీ కట్టాలి, ఇది ఏదీ లేదు అన్నాడు. "ఆవిడకి సొంతిల్లుందిరా" అంది అమ్మ. ఈ ఒక్కచోట నేను వీడి పక్షమే. సొంతిల్లున్నవాళ్లు కూడా రాత్రికి రాత్రి తాళం వేసి పోతే, పొద్దున్నే గేటు ముందు జనం పోగైన వీధులు మన ఊళ్లలో తక్కువేం కాదు. అమ్మ మాత్రం వినలేదు. మూడుసార్లు ఫౌండేషన్ తప్పినవాడు ఏం చెప్పినా అంతే. రెండుసార్లేనని వీడు దిద్దాడు.

ఇక నాయనమ్మ. ఆవిడ దగ్గర డెబ్బై రెండు సూత్రం ప్రదర్శించాడు. "డెబ్బై రెండుని వడ్డీ రేటుతో భాగిస్తే డబ్బు ఎన్నేళ్లకి రెట్టింపవుతుందో వచ్చేస్తుంది నాయనమ్మా. కిసాన్ వికాస్ పత్రానికి ఏడున్నర శాతం. అంటే తొమ్మిది పాయింట్ ఆరేళ్లు. నూట పదిహేను నెలలు!"

"అవును, పోస్టాఫీసులో ఆ పిల్ల చెప్పింది, నూట పదిహేను అని" అంది ఆవిడ.

వీడు వెనక్కి తగ్గలేదు. "సరే, నువ్వు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చావు కదా, అంటే ఏడాదికి ఇరవై నాలుగు. మూడేళ్లలో రెట్టింపు!"

"చక్రవడ్డీకైతే. నేనిచ్చింది బారువడ్డీకి. నాలుగేళ్ల రెండు నెలలు పడుతుంది. అది సరేగానీ నాయనా, ఆ అప్పు ప్రోనోటుకి వచ్చే నెలతో మూడేళ్లు నిండుతాయి. కాలదోషం పట్టకుండా ఏం చేయాలో మీ కాలేజీలో చెప్పారా?"

బిజినెస్ లా వేరే సెమిస్టర్లో ఉందని వీడు అన్నాడు. "అంతవరకూ నోటు ఆగదు కదరా" అని ఆవిడే చెప్పింది. మూడేళ్లు నిండకముందే అప్పు తీసుకున్నవాడి చేత ఓ వందో రెండొందలో కట్టించి, నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించాలి. అక్కణ్ణుంచి మళ్లీ మూడేళ్లు గడువు. తేదీ దాటాక రాయిస్తే పనికిరాదు. మూడో తరగతి మానేసిన మనిషి. ఇప్పుడున్న లిమిటేషన్ చట్టం వచ్చింది 1963లో. ఆవిడ అత్తగారు తన కాలంలో ఎన్నో చెల్లులు రాయించి ఉంటుంది, అక్కణ్ణుంచే వచ్చిందీ చదువు.

ఇంతా చెప్పాక వీడికి బొత్తిగా తెలివి లేదనుకుంటే అన్యాయమే. మొన్న పక్కింటి అత్తయ్య దగ్గరికి ఒకతను వచ్చి నెలకి పది శాతం ఇస్తామని ఒక స్కీము చెప్పి వెళ్లాడు. ఆవిడ గాజులు తాకట్టు పెట్టడానికి బయల్దేరుతుంటే వీడు గుమ్మంలోనే ఆపి ఫోన్లో లెక్క కట్టి చూపించాడు. "నెలనెలా పది శాతం చొప్పున తిరగేస్తే ఏడాదికి లక్ష మూడు లక్షల పద్నాలుగు వేలవుతుంది అత్తయ్యా. అంత గిట్టే వ్యాపారమే అయితే ఆయనే బ్యాంకులో పన్నెండు శాతానికి అప్పు తెచ్చుకునేవాడు కదా. నీ లక్ష కోసం మూడంతస్తులు మెట్లెక్కి వస్తాడా?" గాజులు చేతికే ఉండిపోయాయి. డిగ్రీకి పెట్టిన ఖర్చు ఆ ఒక్క పూటలో తీరిందని నేనంటాను. ఆ ఖర్చులో ప్రభుత్వం ఇవ్వాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకా రాలేదు. దాన్ని రావలసిన బాకీల్లో చూపాలా, రాని బాకీల్లో చూపాలా అన్నది కాలేజీ అకౌంటెంటు చూసుకుంటాడు.

చదువయ్యాక వీడు ఏమవుతాడు? వీడి సీనియర్లు చాలామంది గచ్చిబౌలిలో తేలారు. అమెరికావాడి 1040 ఫారం నింపుతారు, ఏప్రిల్ 15 గడువంటే రాత్రీ పగలూ ఆఫీసులోనే. ఫ్లోరిడాలో ఇల్లు అద్దెకిచ్చినవాడికి ఏ ఖర్చు తగ్గించుకోవచ్చో నిద్రలో లేపినా చెబుతారు. ఇంటి దగ్గర నాన్న ఫారం-16 తెచ్చి ముందు పెడితే మాత్రం "అది ఇండియన్ ట్యాక్స్ నాన్నా" అంటారు.

మనవాడికి అంతదాకా ఆగే ఓపిక లేదు. సంపాదన మొదలుకాక ముందే ఆర్థిక స్వాతంత్ర్యం కావాలి. షేర్ల బ్రోకరు హర్షద్ మెహతా సిరీస్ చూశాడు, అది ఎలా ముగిసిందన్న భాగం వదిలేసి మిగతాది మూడుసార్లు చూశాడు. స్నేహితుడి హాస్టల్ గదిలో నలుగురు కలిసి గురువారం నాడు ఆప్షన్లు కొంటే ఎంత వచ్చేదో శుక్రవారం లెక్క కడుతుంటారు. ఆ లెక్కలో ఎప్పుడూ లాభమే. షేర్ బజారుని అదుపు చేసే సెబీ లెక్క ఇంకోలా ఉంది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్లు, ఆప్షన్లు)లో దిగిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారని 2024 సెప్టెంబరులో ప్రకటించింది. అందరిదీ కలిపి 1.8 లక్షల కోట్ల పైమాటే. వీడికి ఈ సంగతి తెలియదా అంటే బాగా తెలుసు. సెమినార్లో స్లైడు వేసి మరీ చెప్పాడు. మిగిలిన ఏడుగురిలో తానొకణ్ణని వీడి అంచనా. అదే సెమినార్లో ఇంకో స్లైడు ఉంది. ఆప్షన్ల సమీకరణం రాసిన షోల్స్‌కీ, ఆ లెక్కలోనే పనిచేసిన మెర్టన్‌కీ 1997లో నోబెల్ వచ్చింది, వాళ్లు భాగస్వాములుగా ఉన్న ఫండు 1998లో కుప్పకూలింది. ఆ స్లైడు దగ్గర టైమైపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. ఎఫ్ అండ్ ఓ తెరవాలంటే బ్రోకర్లు ఆదాయం చూపే కాగితం అడుగుతారు. వీడికి ఆదాయం లేదు. నాన్నకి ఉంది, ఆయన జీతం స్లిప్పు బీరువాలో ఉంది, పాన్ కార్డు పర్సులో ఉంది. ఓటీపీ ఆయన ఫోనుకే వస్తుంది. డ్యూటీ దిగి అన్నం తింటున్న మనిషిని "కాలేజీ ప్రాజెక్టు నాన్నా, ఆ ఆరంకెలు చెప్పు" అంటే చెయ్యి కడుక్కోకుండానే చదివి చెబుతాడు. కాబట్టి కామర్సు పిల్లల తల్లిదండ్రులకి ఒక మనవి. మీ అబ్బాయి ఓటీపీ అడిగితే, అంకెలు చెప్పే ముందు దాని పైన ఉన్న రెండు లైన్లూ కూడా చదవండి.