చీపురు చివర విశ్వరహస్యం

రాత్రి బారు మూసేశారు. ఒకడు పొడుగు కర్ర చీపురుతో నేల ఊడుస్తున్నాడు. కెమెరా కదలదు, వాడికీ తొందర లేదు. 'గ్రీన్ ఆనియన్స్' ట్యూను మోగుతుంటే చెత్త కొంచెం కొంచెంగా ఒకచోటికి చేరుతోంది. 2 నిమిషాలు దాటినా ఇంకా ఊడుస్తూనే ఉన్నాడు. తర్వాత ఫోను మోగుతుంది.

2017లో అమెరికాలో షోటైమ్ చానెల్ వేసిన 'ట్విన్ పీక్స్: ది రిటర్న్' ఏడో భాగంలోది ఈ ఊడ్పు. మామూలు మనిషైతే ఆ టైములో లేచెళ్లి మంచినీళ్లు తాగొస్తాడు. అభిమాని అలా లేస్తాడా? ఊడ్చేవాడు ఊడ్చేవాడు కాదట, దర్శకుడు డేవిడ్ లించేనట. అది చెత్త కాదట, మన సహనమట. చీపురు ఎటు తిరిగితే కాలం అటు తిరుగుతోందని ఎవరూ అన్నట్టు నా చెవిన పడలేదు గానీ, రేపు అన్నా ఆశ్చర్యపోను.

కథ తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు. 1990లో ఏబీసీ చానెల్లో లించ్, మార్క్ ఫ్రాస్ట్ కలిసి మొదలుపెట్టిన సీరియల్ ఇది. ప్లాస్టిక్ పట్టాలో చుట్టిన లారా పామర్ శవం ఒడ్డుకు కొట్టుకొస్తుంది. ఆమెను ఎవరు చంపారని దేశం దేశమంతా అడిగింది. చానెల్ ఒత్తిడికి తలొగ్గి హంతకుణ్ణి చూపించేశారు, దాంతో చూసేవాళ్లూ తగ్గిపోయారు. 1991 జూన్‌లో దుకాణం కట్టేశారు. పోతూ పోతూ కూపర్ అనే ఎఫ్‌బీఐ ఏజెంటును ఎర్ర తెరల గదిలో ఇరికించి, పాతికేళ్ల తర్వాత కలుద్దామని లారా చేత చెప్పించి మరీ పోయారు. జనం నిజంగానే పాతికేళ్లు కాచుకుని కూర్చున్నారు.

కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడో తెలుసుకోడానికి మనం రెండేళ్లు ఆగడమే గగనమైపోయింది. 2017 ఏప్రిల్‌లో జవాబు దొరికింది, చూసొచ్చి అన్నం తిని పడుకున్నాం. నెల తిరక్కుండా అక్కడ మొదలైన ఈ 18 భాగాల వ్యవహారం జవాబు చెప్పకపోగా, చివరాఖర్న కూపర్ చేత ఇది ఏ సంవత్సరమని అడిగించి, లారా చేత కెవ్వుమని అరిపించి, ఇంట్లో దీపాలు ఆర్పేసింది. ఆ చీకట్లో మొదలైంది అసలు సీరియల్.

అభిమానులు నడిపే ఆ సీరియల్‌కి ఉన్నది ఒకటే సూత్రం: లించ్ పొరపాటు చేయడు. ఏడో భాగం చివర డబుల్ ఆర్ డైనర్‌లో ఒక షాటులో కూర్చున్న జనం మరో షాటులో ఉండరు. ఇంకొకరి సినిమాలో ఇదే జరిగితే ఎడిటర్ నిద్రపోయాడని నవ్వుకుంటాం. ఇక్కడ నవ్వితే పాపం. రెండు లోకాలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి, కళ్లు తెరిచి చూడు అంటారు. ఆడ్రీ అనే పాత్ర 12వ భాగం దాకా అయిపు లేదు, వచ్చాక ఎక్కడుందో తెలీదు, అద్దంలో మొహం చూసుకుని అదృశ్యం. ఆమె కథ అతకలేదు బాబూ అంటే, అతకకపోవడమే ఆమె కథ అని జవాబు. అతికితే ప్రతిభ, అతకకపోతే మహాప్రతిభ. ఇంతటి సుఖం ఏ భక్తుడికీ లేదు. దేవుడి మీదైనా అప్పుడప్పుడు అలుగుతాం.

సెప్టెంబర్ 3 రాత్రి 17, 18 భాగాలు వెంటవెంటనే వేశారు. వాటిని రెండు తెరల మీద ఒకేసారి నడిపిస్తే గుట్టు విడిపోతుందని ఒక సిద్ధాంతం పుట్టింది. ఒకదాంట్లో మనిషి తల తిప్పినప్పుడే ఇంకోదాంట్లో కారు తిరుగుతుందట. ఈ లెక్కన వాతావరణ వార్తలూ వంటల కార్యక్రమమూ పక్కపక్కన పెట్టినా ఉల్లిపాయకీ ఉరుముకీ బంధుత్వం కలపొచ్చు.

నిజానికి ఈ జనాన్ని లించ్ మొదటి భాగంలోనే పిలిచి కూర్చోబెట్టాడు. న్యూయార్క్‌లో ఒక కుర్రాడు ఖాళీ గాజు పెట్టెకేసి చూస్తూ కూర్చుంటాడు. అదే వాడి ఉద్యోగం. చుట్టూ కెమెరాలు, వాటిలో కార్డులు మార్చడం, మళ్లీ చూడటం. ఒకరోజు పిల్ల కాఫీ పట్టుకొస్తే దృష్టి అటు మళ్లింది, పెట్టెలోంచి ఏదో వచ్చి ఇద్దర్నీ చీల్చేసింది. చూడ్డమే పనిగా పెట్టుకున్నవాడి గతి ఇంత విడమరిచి చెబితే, మనవాళ్లు పెట్టె కొలతలు తీస్తున్నారు. చూశారా, నేనూ ఒక సిద్ధాంతం చెప్పేశాను. అంటుజబ్బే ఇది.

నాకు ఒళ్లు మండేది ఎనిమిదో భాగం దగ్గర. 1945 జూలై 16, న్యూ మెక్సికో ఎడారి, తెల్లవారుజాము. తొలి అణుబాంబు పేలుతుంది. పెండెరెట్స్కీ అనే సంగీతకర్త హిరోషిమా మృతులకు అంకితమిచ్చిన సంగీతం వందల గొంతులు ఒక్కసారి కోసుకుపోతున్నట్టు వినిపిస్తుంటే, కెమెరా మెల్లగా ఆ పుట్టగొడుగు మేఘంలోకి, దాని కడుపులోకి వెళ్లిపోతుంది. లోపల నిప్పు, నలుసులు, ఇంకేవో. తర్వాత మసి మొహం మనిషొకడు సిగరెట్‌కి నిప్పు అడుగుతూ తిరుగుతాడు. కప్ప కాళ్లున్న పురుగు నిద్రపోతున్న అమ్మాయి నోట్లోకి పాకుతుంది. చెడు ఎక్కడ పుట్టిందంటే మనమే పుట్టించాం, తేదీతో సహా ఇదిగో అని ఒక అమెరికన్ తన దేశపు టీవీలో చూపించాడు. అది చూసి అభిమాన లోకం ఒక్కటై అడిగిన ప్రశ్న: ఆ అమ్మాయి ఎవరు? లారా వాళ్లమ్మేనా? అదే ఏడాది ఫ్రాస్ట్ రాసిన పుస్తకంలో అవునన్నట్టు సూచన దొరికాక గాని ప్రాణాలు కుదుటపడలేదు. చుట్టరికం తేలింది కదా, ఇక బాంబుతో ఎవరికి పని!

రెండో ముఠా వేరు. వీళ్లకు సిద్ధాంతాలు అక్కర్లేదు, 1990 కావాలి. అదే చక్కని కూపర్ అదే నల్ల కాఫీ తాగి, భలే ఉందని బొటనవేలు ఎత్తాలి. లించ్ ఆయన్ని కరెంటు ప్లగ్గులోంచి బయటికి లాగి, డగ్గీ జోన్స్ అనే ఇన్సూరెన్సు గుమాస్తాగా లాస్ వేగస్‌లో పడేశాడు. ఎదుటివాడి ఆఖరి మాట తిరిగి పలకడం తప్ప మనిషికి మరేమీ రాదు. 16వ భాగం దాకా తెలివి రాదు. వారం వారం వీళ్లు పడ్డ యాతన చూస్తే జాలేసింది. అయినా వీళ్లే నయం. వాషింగ్టన్ రాష్ట్రంలో నార్త్ బెండ్ అనే ఊళ్లో ఆ డబుల్ ఆర్ డైనర్ నిజంగానే ఉంది. వెళ్తారు, చెర్రీ పై తింటారు, ఫోటో దిగి వస్తారు. పై అంటే పై అని ఒప్పుకునే పెద్దమనసైనా ఉంది.

మధ్యలో పండితుల తగువు ఒకటి. ఫ్రాన్స్‌లో 'కాయే దు సినెమా' పత్రిక దీన్ని ఆ ఏటి మేటి సినిమా అంది, తర్వాత ఆ దశాబ్దానికే మేటి అంది. ఇది సినిమానా సీరియలా అని ఇటు నుంచి కొంతమంది, అటు నుంచి కొంతమంది. బాగుందని చెప్పడానికి కులం పేరు అడగాలా?

లించ్ వివరణ అడిగినవాళ్లకు ఎప్పుడూ నోరు విప్పలేదు. 2025 జనవరిలో అలాగే వెళ్లిపోయాడు. ఒక్కసారి మాత్రం తగ్గాడు. ఈ సీరియల్ మీదే వచ్చిన పాత సినిమాలో డేవిడ్ బోయీ వేసిన జెఫ్రీస్ పాత్ర, ఆయన 2016లో చనిపోవడంతో, ఇందులో ఆవిరి కక్కే పెద్ద యంత్రంగా వస్తుంది. దానికో ముక్కు ఉంది. చూసినవాళ్లంతా టీ కెటిల్ అన్నారు. అది కెటిల్ కాదు, యంత్రం, ఆ ముక్కు తిన్నగా చేసి ఉంటే సరిపోయేదని పాపం లించే నొచ్చుకున్నాడు. ఏ బాంబు గురించీ, ఏ కేక గురించీ పెదవి కదపని మనిషి పనిగట్టుకుని కెటిల్ కాదన్నాడంటే, కెటిల్‌లో ఏదో ఉందన్నమాటే.