ఓడినవాడికే కొసరు

ఫోనులో హర్రాజు పెట్టి పాత నాణేలు అమ్ముకునేవాళ్ళకు అందరూ చెప్పే సలహా ఒకటుంది: నాలుగు కొన్నవాడికి పదిశాతం తగ్గించు, మళ్ళీ నీ దగ్గరికే వస్తాడు. నేను దానికి ఎదురు చెబుతున్నాను. పాట ముగిశాక ధరలో ఒక్క రూపాయి కూడా తగ్గించకండి. నాలుగు కొన్నా, నలభై కొన్నా అంతే. కొసరు ఇవ్వాలనిపిస్తే ఓడినవాడికి ఇవ్వండి.

మా బాన్సువాడ వైపు పాత ఇళ్ళల్లో సందుగలు దులిపితే నిజాం కాలపు హాలీ సిక్కాలు ఇంకా బయటపడతాయి. ఎక్కువగా నిజాంసాగర్ కట్టించిన ఉస్మాన్ అలీఖాన్ కాలంవే. రూపాయి మీద చార్మినార్ ఉంటుంది, దాని నడిమి కమానులో సన్నగా ఒక అక్షరం. అది ‘ఐన్’ అయితే ఉస్మాన్‌ది, ‘మీమ్’ అయితే ఆయన తండ్రి మహబూబ్‌ది. హిజ్రీ 1362 అని ఉంటే మన లెక్కలో 1943. పొద్దుటి ఏటవాలు ఎండలో ఫొటో తీస్తే ఆ అక్షరం స్పష్టంగా పడుతుంది. చింతపండుతో మాత్రం తోమకండి, మెరుపు వస్తుంది గానీ విలువ పోతుంది. నూరేళ్ళు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, దేశం దాటించకూడదు. అందుకే నేను 1940ల నాటివే పాటకు పెడతాను.

ఈబే ఇండియా 2018 ఆగస్టులో మూతపడింది. ఇప్పుడు నేను వాట్సాప్ గ్రూపులో పాట పెడతాను, రాత్రి తొమ్మిదికి ముగింపు. పోయిన కార్తీకంలో నాలుగు నాణేలు పెట్టాను. 180, 260, 310, 450. నాలుగూ ఒకాయనే పాడుకున్నాడు, మొత్తం 1,200. పది నిమిషాలకు మెసేజ్: “అన్నా, నాలుగూ నేనే తీసుకున్న గదా, వెయ్యి చేస్కో.”

అడగడంలో ఆయన తప్పేం లేదు. కానీ లెక్క చూడండి. 1,200ను వెయ్యి చేస్తే 450 రూపాయల నాణెం 375కు పోయినట్టు. అదే నాణేనికి ఒక కుర్రాడు 440 దాకా పాడి ఆగిపోయాడు. 440 ఇస్తానన్నవాడిని కాదని 375కు ఇంకొకరికి ఇచ్చానని తెలిస్తే, ఆ పిల్లవాడు మళ్ళీ నా పాటలో నోరు విప్పుతాడా? విప్పకూడదు కూడా.

దుకాణంలో సంగతి వేరు. అక్కడ ధర సేటు పెట్టుకున్నది, ఆయనే తగ్గించుకోవచ్చు. హర్రాజులో ధర నేను పెట్టింది కాదు, గెలిచినవాడు పెట్టింది కూడా కాదు. రెండోవాడు ఎక్కడ ఆగాడో అక్కడే ధర తేలుతుంది. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లో వేలాల మీద రాసిన వ్యాసంలో రెండో పాట విలువను వివరంగా చూపించాడు. 1996లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. అయినా ఊళ్ళో చింతచెట్ల కాపు హర్రాజు చూసిన ఎవరికైనా ఇది తెలిసిందే. హైదరాబాదు బాలాపూర్ గణేశుడి లడ్డూ హర్రాజులో 1994లో 450 రూపాయలకు పోయింది, 2024లో 30 లక్షల వెయ్యి పలికింది. జనం ముందు పలికిన ధరకు జనమే సాక్షి. పక్కకు పిలిచి దాన్ని మార్చే హక్కు నాకెక్కడిది? వడ్లు కాంటా అయినంక తరుగు తీస్తే ఎట్లా మండుతుందో బాన్సువాడలో ఏ రైతును అడిగినా చెబుతాడు. పాట అయినంక తగ్గించడమూ అలాంటిదే. నష్టపోయేది మాత్రం ఎదురుగా లేని మనిషి.

తపాలా ఖర్చు మాత్రం ధరలో భాగం కాదు. నాలుగు కవర్ల డబ్బు తీసుకుని, నాలుగూ ఒకే కవరులో పంపి, మిగిలింది జేబులో వేసుకుంటే అది దొంగతనమే. నాలుగు నాణేలు కొన్నాయనకు స్పీడ్‌పోస్టు రసీదు ఫొటో పెట్టి, మిగిలిన డబ్బు ఫోన్‌పే చేశాను. ఒక్కో నాణేన్ని విడి కాగితంలో చుట్టి, అట్టముక్కకు టేపుతో అంటించి పంపాను. కవరు ఊపితే చప్పుడు రాకూడదు. చప్పుడైతే నాణేలు ఒకదాన్నొకటి గీసుకుంటున్నట్టే. ఈ శ్రద్ధ ఒకటి కొన్నవాడికైనా నలభై కొన్నవాడికైనా ఒకటే.

ఆ 440 కుర్రాడి పేరు నోటుబుక్కులో రాసుకున్నాను. అలాంటి రూపాయే ఇంకొకటి చేతికొచ్చినప్పుడు, ఫలానా రోజు పాటకు పెడుతున్నానని అతనికి ఒకరోజు ముందు కబురు పెట్టాను. చాటుగా అమ్మలేదు, అందరితో పాటే పాడాడు. 420కి గెలిచాడు. తపాలా ఖర్చు నేనే పెట్టుకున్నాను. నేనిచ్చిన కొసరు అంతే.

నా పద్ధతిలో బేరగాళ్ళు పోతారని మా వాళ్ళు అంటారు. పోతారు, నిజమే. ఆ నాలుగు నాణేలు కొన్నాయన మళ్ళీ రాలేదు. కానీ పాట అంటూ సాగాలంటే ఓడినా మళ్ళీ వచ్చి పాడేవాళ్ళు ఉండాలి, ఒక్కడే పాడితే అది హర్రాజు కాదు. మీరూ అమ్మేవాళ్ళయితే ఈ వారం మీ పాటల్లో రెండో స్థానంలో ఆగిపోయినవాళ్ళ పేర్లు ఒకసారి తీసి చూడండి. వచ్చే పాట కబురు ముందు వాళ్ళకు చెప్పండి.