పోస్టేజీ నీదే కదన్నా!

వెంకటగిరికోటలో వీధికొక పోస్టేజీ పెద్దాయన ఉంటాడు. పుంగనూరు, కుప్పం, మదనపల్లెల్లో ఈ రకానికి కరువని కాదు. కాకపోతే బెంగళూరు దగ్గర కావడంతో అక్కడివాళ్లు వద్దనుకున్న సామానంతా వెంకటగిరికోట ఫోన్లలో ఊరిస్తూ ఉంటుంది. పాత మిక్సీ జారు, క్యాసెట్లు, ఎవరో చదివి వదిలేసిన పోటీపరీక్షల పుస్తకాలు, దేన్నయినా సరే ధర అడగనిదే ఆయనకు పొద్దు గడవదు. అమ్మే మనిషి 150 అంటే పెద్దగా బేరమాడడు. ఆ వెనకే 'పోస్టేజీ 80' అన్న ముక్క వచ్చి పడుతుంది. "నూటయాభై రూపాయల సామానుకు ఎనభై రూపాయల పోస్టేజా? ఏంది సామీ ఇది! పోస్టేజీ నీదే కదన్నా!" ఇక రెండు పూటలు ఆ ఎనభై చుట్టూనే తిరుగుతాడు.

ఆయన్ని పిసినారి అంటే పాపం తగులుతుంది. టీకొట్టు దగ్గర నలుగురి డబ్బులూ తానే ఇస్తాడు, మిగిలిన చిల్లర అడగడు. ఆయన బాధ వేరు. డబ్బిచ్చాక చేతికి ఏదో ఒకటి రావాలి. పోస్టేజీకిచ్చిన డబ్బుకు చేతికి వచ్చేది అట్టపెట్టె ఒక్కటే, దాన్ని కూడా మడిచి అటకమీద దాస్తాడు. నాకు ఆయన మీద ఎంత అభిమానమున్నా ఆయన లెక్క మాత్రం ఒప్పుకోలేను. పోస్టేజీ న్యాయమో అన్యాయమో సామాను ధర పక్కన పెట్టి తేల్చకూడదు. అది పాతదా కొత్తదా, వందదా వెయ్యిదా అని తపాలావాళ్లు చూడరు. వాళ్లు చూసేది బరువు, దూరం, పెట్టె సైజు.

2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన స్పీడ్‌పోస్టు రేట్ల ప్రకారం, పావుకిలో దాటి అరకిలో లోపున్న కవరు 200 కిలోమీటర్ల లోపు ఊరికి పంపాలంటే 70 రూపాయలు. దానిమీద 18 శాతం జీఎస్టీ వేస్తే 82 రూపాయల 60 పైసలు. అంటే సామాను ఆ కవరులో పట్టేదైతే, 80 అడిగిన ఆ బెంగళూరు మనిషి రెండు రూపాయల అరవై పైసలు తన జేబులోంచి వేసుకుంటున్నాడు, కవరూ టేపూ దానం. రిజిస్టరు పోస్టులో పంపమందామా అంటే, అదే ఏడాది దాన్ని స్పీడ్‌పోస్టులో కలిపేశారు. పెట్టె సంగతి ఇంకా చిత్రం. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చించి 5000తో భాగిస్తాయి. 40, 30, 20 కొలతల పెట్టెలో దూదే ఉన్నా అది 4.8 కిలోల కింద లెక్క. "లోపలి సామాను అరకిలో కూడా లేదే!" అని పెద్దాయన వాదిస్తాడు. నిజమే, కానీ వ్యానులో అది ఆక్రమించిన చోటు మాత్రం అరకిలోది కాదు. ఆయన వాదన గెలిచే చోటు పుస్తకాలు ఒక్కటే. 2025 మే 1న మొదలైన జ్ఞాన్ పోస్టులో 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పన్ను అదనం. అమ్మేవాడు ఆ సంగతి దాచి పాఠ్యపుస్తకాలకు స్పీడ్‌పోస్టు రేటు గుంజితే పెద్దాయన పక్షాన నేనూ నిలబడతాను. పాత వారపత్రికల కట్ట చూపించి "ఇదీ పుస్తకమే కదన్నా" అంటే మాత్రం కుదరదు, పత్రికలకు అందులో చోటు లేదు.

విచిత్రమేమిటంటే ఈ పెద్దాయనే టమాటా రైతు కూడా. మండీకి సరుకు తోలినప్పుడు వ్యాను బాడుగ, హమాలీ, కమీషన్ ఒక్కొక్కటీ పట్టీలో రాసిస్తే గొణుక్కుంటాడే గానీ, "టమాటా ధర పడిపోయింది కాబట్టి బాడుగ తగ్గించు" అని డ్రైవరును అడగడు. అడిగితే ఏమంటాడో తెలుసు.

ఆయన దగ్గర రెండు అస్త్రాలున్నాయి. మొదటిది, పెద్ద కంపెనీలు ఊరికే ఇంటికి తెచ్చిస్తున్నాయి కదా అన్నది. ఊరికే కాదు, బాడుగ ధరలో కలిసిపోయి ఉంటుంది. వాళ్లకు లక్షల పార్సిళ్ల మీద దొరికే తగ్గింపు, ఒక్క జారు అమ్ముకునే గృహిణికి దొరకదు. రెండోది బలమైనది: "పోస్టేజీ పేరుతో దోచేవాళ్లు లేరా?" ఉన్నారు. ఆన్‌లైన్ అంగడి ఈబేలో ఒకప్పుడు కమీషన్ సామాను ధర మీదే ఉండేది. దాంతో కొందరు ధర నామమాత్రంగా పెట్టి లాభమంతా పోస్టేజీలో లాగారు. 2011లో అమెరికాలో పోస్టేజీ మీద కూడా కమీషన్ వేయడం మొదలుపెట్టారు. మన దేశంలో 2020 ఈ-కామర్స్ నిబంధనలు మొత్తం ధరతో పాటు డెలివరీ, పోస్టేజీ, హ్యాండ్లింగ్ చార్జీలను విడివిడిగా చూపమంటున్నాయి. అయితే వ్యాపారంగా కాకుండా ఇంట్లో పాత సామాను అమ్ముకునే మామూలు మనిషికి అవి వర్తించవు. కాబట్టి తగవు ఇద్దరి మధ్యే తీరాలి. ధరతో పాటే పోస్టేజీ చెప్పడం, అసలు ఖర్చుకు మించితే అది ప్యాకింగ్‌కని విప్పి చెప్పడం, పంపాక రసీదు ఫొటో పెట్టడం అమ్మేవాడి వంతు. తపాలా రసీదు మీద బరువూ రుసుమూ రెండూ ఉంటాయి. 82.60 అన్న అంకె కళ్లారా చూస్తే పెద్దాయన సగం చల్లబడతాడు. గాజుసామానుకు బబుల్ షీటు చుట్టి ఇరవై ఎక్కువ అడిగితే అదీ న్యాయమే. పగిలిన ముక్కలకు పోస్టేజీ వాపసు అడగడంలో ఆయన్ని మించినవాడు లేడు.

ఇన్ని చెప్పినా మిగిలిన సగం చల్లబడడు. ఆఖరి మాట ఒకటుంటుంది: "మా బామ్మర్ది ఆదివారం వస్తా ఉండాడు, వాడి చేతికిచ్చి పంపు." ఆ బామ్మర్ది బెంగళూరులో రెండు సిటీ బస్సులు మారి, అమ్మే మనిషి ఇల్లు వెతుక్కుని, మిక్సీ జారు ఒళ్లో పెట్టుకుని ముళబాగిలు మీదుగా బస్సులో వస్తాడు. వచ్చినవాడికి మర్యాద చేయాలి కాబట్టి ఆ పూట కోడి తెగుతుంది. పెద్దాయన లెక్కలో పోస్టేజీ సున్నా.